ఆరోగ్యం రొట్టె

మా ఇస్కపల్లి ఉప్పు మళ్ళల్లో
ఎండకి ఎవురూ భయపడరు.
ఎండే గదా కూలిచ్చేది.
పదమూడో ఏట పలక పక్కనపెట్టి పార పట్టుకున్నా,
ముప్పై ఏళ్ళు దానికి ఎదురుగానే నిలబడినా.
ఇప్పుడేమో హిమవర్షిణి డాక్టరమ్మ,
మా కోడలి వయసుంటాది,
"మస్తానమ్మా, ఎండలోకి పోవద్దు" అంటే
నవ్వొచ్చింది.
చేపకి నీళ్ళు పడవని చెప్పినట్టు.

ముందు బుగ్గలు ఎర్రబడినాయి,
ముక్కు మీదుగా అటూ ఇటూ రెక్కలు చాపి.
ఉప్పుగాలి పొడ అన్నారు,
అమ్మవారన్నారు,
మా చెంచయ్య గంధం అరగదీసినాడు.
తర్వాత వేళ్ళు. తెల్లారి పిడికిలి ముడుచుకోదు,
పార కామ చేతిలోంచి జారిపోతాది.
తల దువ్వితే జుట్టంతా దువ్వెనకే.

అల్లూరు ఆర్ఎంపీ కోదండం
కంటిరెప్ప తిప్పి చూసి నెత్తురు లేదన్నాడు.
అన్నం మానెయ్, రెండు పూటలా చపాతీలు తిను, బలం.
నెల్లూరు జిల్లాలో, అన్నం మానెయ్యమని!
బియ్యం అమ్మి గోధుమపిండి కొన్నాం.
తిన్నకొద్దీ కడుపు కుండలా ఉబ్బేది,
తిన్నది తిన్నట్టే పొయ్యేది,
నేను మాత్రం ఎండుచేపనయ్యా.

కసుమూరు మొక్కుకి పుట్టినదాన్ని,
దర్గాని అడక్క ఎవుర్ని అడిగేది?
మూడేళ్ళు వరసగా నెల్లూరు రొట్టెల పండక్కి పోయినా.
స్వర్ణాల చెరువులో మోకాటిలోతున దిగి
ముసుగేసుకున్న ఒక తల్లి చేతిలోంచి
ఆరోగ్యం రొట్టె తీసుకుని
నీళ్ళల్లోనే నమిలి మింగినా.
తునక కింద పడనీలేదు.
మూడేళ్ళూ ఆ రాత్రే
బస్టాండు గోడ పక్కన కూలబడి వాంతులు.
దేవుడి మీద నెపం పెట్టలేక
నా మీదే పెట్టుకున్నా.

నెత్తురు సీసా మద్రాసు పోయొచ్చింది.
కాగితంలో రెండు పేర్లు.
ఒకటి లూపస్. ఎండ పడదు.
రెండోది సీలియాక్. గోధుమ పడదు.
ఈ రెండూ ఎట్టా ఒకే ఒంట్లో చేరినాయమ్మా అంటే
డాక్టరమ్మ బొమ్మలేసింది.
కాపలా కణాలంది, సొంతమనిషినే పగోడనుకున్నాయంది,
ఒకటున్న చోట ఇంకోటి ఉందేమో వెతుక్కోవాలంది.
చుట్టరికం ఉందంట,
ఏ వరసో ఇంకా సరిగ్గా తేలలేదంట.
బొమ్మ చూస్తా నేనన్నా:
"పక్కపక్క మళ్ళమ్మా అవి.
మధ్యన కట్ట కాస్త నానిందనుకో,
ఈ మడి నీళ్ళు ఆ మడిలోకి ఊరతాయి.
ఎండ్రకాయ బొక్క పెట్టిందో,
మనమే తొక్కినామో,
తెల్లారి చూస్తే రెండిట్లో ఒకే రంగు."
ఆమె పెన్ను ఆపేసింది.
"రాసుకోనా?" అనింది.
రాసుకో తల్లీ. మాటకి కూలి అడగను.

ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారంట.
ఎవురికి తెలుసు!
చారు తిరగమోత మారింది.
టీలో ముంచుకునే బిస్కత్తు పోయింది,
దానికి మాత్రం ఏడ్చినా, అబద్ధమెందుకు.
పార ఇప్పుడు మా ఆడబిడ్డ పట్టుకుంటాది.
నేను కొఠారు నీడలో బస్తాల మూతులు కుడతా.
పొద్దుగుంకినాక కట్ట మీద నడుస్తా.
వెన్నెట్లో ఉప్పు ఎండలోకన్నా తెల్లగుంటాది,
ఇన్నేళ్ళూ చూళ్ళేదు.

నయమైనోళ్ళే రొట్టె ఇవ్వాలంటారు.
నయం కాలేదు. పేరు తెలిసింది,
అది చాలనుకున్నా.
ఈ యేడు నేనే చేసినా, బియ్యప్పిండితో.
జిగురుండదు గదా,
చెరువు చేరేలోపే మూడు ముక్కలు.
చీకటి పడినాకే నీళ్ళల్లోకి దిగినా.
ఆరోగ్యం రొట్టె, ఆరోగ్యం రొట్టె.
విరిగిన తెల్లరొట్టె ఎవురూ అడగలా.
చివరికి ఒక పిల్ల వచ్చి
"ఉద్యోగం రొట్టె ఉందా అక్కా?" అనింది.
లేదన్నా. చెయ్యి చాపే ఉంచింది.
ఒక ముక్క పెట్టినా.
ఒకటి నేను తిన్నా.
మూడోది నీళ్ళల్లో జారిపోయింది.
చేపలకి ఏం పడతాదో, ఏం పడదో.